అన్ని అవుట్‌లెట్ల ఏలిక, సున్నా పీడనం గారికి

అయ్యా,

రక్తప్రవాహాన్ని కంప్యూటర్లో లెక్కగట్టే మోడళ్ళలో ధమని ఏదైనా, కొమ్మలు ఎన్నైనా, రక్తం బయటికి పోయే ప్రతి కొన (అవుట్‌లెట్) దగ్గరా తమరే కొలువుదీరి ఉంటారు. పిలవాల్సిన పనీ లేదు. ఆ లెక్క కట్టే ప్రోగ్రామ్, అదే సాల్వర్, తెరిచేసరికే కొన పీడనం రాసే గడిలో గుండ్రంగా కూర్చుని కనిపిస్తారు.

న్యాయం చెప్పుకోవాలి: గోడలు కదలనివై, అవుట్‌లెట్ ఒక్కటే అయితే తమరి వల్ల నష్టం లేదు. అక్కడ ప్రవాహాన్ని నడిపేది పీడనాల తేడాయే. సున్నా పెట్టినా, 93 మిల్లీమీటర్ల పాదరసం పెట్టినా వేగం మారదు, రక్తం గోడను రాసుకుపోయే ఒరిపిడి, అంటే వాల్ షియర్ స్ట్రెస్సూ మారదు.

పేచీ అంతా కొమ్మల దగ్గర. మెడలోని కెరోటిడ్ ధమని, మెదడుకు పోయే లోపలి కొమ్మగా, ముఖానికి పోయే బయటి కొమ్మగా చీలే చోటునే చూడండి. రక్తానికి అసలు అడ్డు స్కాన్‌లో కనబడని సన్నటి నాళాల్లో, అంటే ధమనికల్లో ఉంటుంది. సగటున 93 దగ్గర ఉన్న పీడనం పెద్ద ధమనుల్లో పోగొట్టుకునేది కొద్ది మిల్లీమీటర్లే, తక్కినదంతా దిగువనే ఖర్చు. తమరు రెండు కొనలకీ సున్నా రాసేసి ఆ దిగువే లేదంటారు. ఇక పంపకం తేల్చేది మోడల్లో మిగిలిన గొట్టం ముక్కల పొడవూ వ్యాసమూ. బయటి కెరోటిడ్‌ను ఎవరైనా రెండు సెంటీమీటర్లు పొట్టిగా కత్తిరిస్తే, మెదడుకు పోవాల్సిన రక్తంలో కొంత ముఖానికి మళ్ళుతుంది. లోపలి కెరోటిడ్‌కు సుమారు 70 శాతం వెళ్ళాలన్న శరీరధర్మం కంటే ధమని ఆకారాన్ని లెక్క కోసం చిన్న గడులుగా విడగొట్టినవారి (మెష్ చేసినవారి) కత్తెరకే తమరి కొలువులో విలువెక్కువ. ప్రవాహం దారి చూపే రంగు గీతలు, స్ట్రీమ్‌లైన్లు మాత్రం ముచ్చటగా వస్తాయి. రంగులకేం, ఎవరు చెప్పినా వింటాయి.

ఇక గుండెకు రక్తమిచ్చే కరొనరీ ధమనుల్లో, అడ్డంకి తీవ్రత చెప్పే ఎఫ్‌ఎఫ్‌ఆర్ అనే నిష్పత్తి లెక్కకు తమరిని పిలిస్తే మహా ప్రమాదం. దిగువ పీడనాన్ని ఎగువ పీడనంతో భాగించి, 0.80 లేదా అంతకంటే తక్కువైతే అడ్డంకి తీవ్రమంటారు. దిగువ కొనలో తమరుంటే అక్కడ ప్రతి రోగికీ జవాబు సున్నాయే!

అందుకే దిగువ నాళాలన్నిటికీ బదులుగా రెండు రెసిస్టెన్స్‌లు (ప్రవాహానికి అడ్డు), ఒక కంప్లయన్స్ (సాగి రక్తం దాచుకునే గుణం) పెట్టే మూడు మూలకాల విండ్‌కెసెల్ మోడల్‌కు బాధ్యతలు అప్పగిస్తున్నాం. జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త ఒట్టో ఫ్రాంక్ 1899లోనే రెండు మూలకాలతో చెప్పిన విషయమిది, తమరికి తొందరపెట్టామన్న ఫిర్యాదు వద్దు. లోపలి కెరోటిడ్‌లో సగటున సెకనుకు 4.5 మిల్లీలీటర్లు, బయటిదాంట్లో 2 అనుకుంటే, సగటు పీడనం 93ని వాటితో భాగించాలి. మొత్తం రెసిస్టెన్స్‌లు, సెకనుకు ఒక్కో మిల్లీలీటరుకు, దాదాపు 20.7, 46.5 మిల్లీమీటర్ల పాదరసం వస్తాయి. ఎస్‌ఐ ప్రమాణాల్లోకి మార్చాలంటే 13.33 కోట్లతో గుణించాలి. ఎగువ రెసిస్టెన్స్‌కు రక్త సాంద్రతను ధమనిలో పీడన అల వేగంతో గుణించి అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే చాలు. ఎగువదాని వాటాగా మహాధమనికి ఎవరో వాడిన శాతాన్ని తెచ్చి ఇక్కడ అతికించకూడదు. మొత్తంలోంచి దాన్ని తీసేస్తే మిగిలేది దిగువ రెసిస్టెన్స్. దానికి తగ్గ కంప్లయన్స్‌ను డయాస్టోల్‌లో, అంటే గుండె సడలే దశలో, పీడనం ఎంత త్వరగా తగ్గుతుందో చెప్పే కాలస్థిరాంకం నుంచి తీస్తాం. గోడలు సాగే మోడల్ అయితే గోడ దాచుకునే వాటాను అందులోంచి తగ్గించాలి, లేకపోతే ఒకే సాగుదలను రెండుసార్లు లెక్కేసినట్టే.

ఈ కొత్త అధికారీ మచ్చలేనివాడు కాదు. కాలస్థిరాంకం 1.5 సెకన్లు, గుండె చక్రం 0.8 సెకన్లు అయితే, సున్నా నుంచి మొదలుపెట్టిన కెపాసిటర్ (కంప్లయన్స్‌కే విద్యుత్ భాషలో పేరు) తొలి చక్రానికి 41 శాతమే నిండుతుంది. తేడా 1 శాతంలోపు రావాలంటే దాదాపు 9 చక్రాలు తిప్పాలి. మూడో చక్రానికే ఆపేసి ఫలితాలు అచ్చేసే అలవాటు తమరి శిష్యులదే. తొలి పీడనం 80 ఇచ్చి మొదలుపెడితే ఆ తిప్పట చాలా తగ్గుతుంది.

తమరి హయాంలో ఇంకో సరదా: డయాస్టోల్ మొదట్లో మహాధమని కొనలో రక్తం వెనక్కి మళ్ళగానే సాల్వర్ కుప్పకూలడం. ఇది విండ్‌కెసెల్ వచ్చినా పోదు. బయటినుంచి లోపలికొచ్చే ప్రవాహం మోసుకొచ్చే గతిజశక్తికి కళ్ళెం వేసే బ్యాక్‌ఫ్లో స్టెబిలైజేషన్ పదం చేర్చాలి. కొనను కొన్ని వ్యాసాల మేర పొడిగించడమూ సాయపడుతుంది. వేగాన్ని అవుట్‌లెట్ నిండా ఒకేలా బిగించడం మాత్రం వైద్యం కాదు.

ఓపెన్‌ఫోమ్ అనే ప్రవాహాల సాఫ్ట్‌వేర్‌లో ఇన్‌కంప్రెసిబుల్ (సాంద్రత మారని ద్రవాల) సాల్వర్లు పీడనాన్ని సాంద్రతతో భాగించి అడుగుతాయి. 100 మిల్లీమీటర్ల పాదరసం అంటే 13,332 పాస్కల్. రక్త సాంద్రత 1060తో భాగిస్తే 12.58. ఇన్నాళ్ళూ ఈ భాగహారం మరిచినా ఎవరూ పట్టుకోలేదు, ఎందుకంటే గడిలో ఉన్నది తమరు.

ఇట్లు,
తమరు లెక్కలోంచి తీసేసిన ధమనికల తరఫున