జారుడుబండ సింహాసనం

(హాలు మధ్యలో ఒక భారీ మోటారు రిక్లైనర్, అంటే బటన్ నొక్కితే వెనక్కి వాలే కుర్చీ. అది ఇంట్లోకి వచ్చిన రోజున గుమ్మం తలుపు ఊడదీయాల్సి వచ్చింది. తలుపు మళ్లీ బిగించారు గానీ కిర్రుమనడం మాత్రం మిగిలింది. అక్కాతమ్ముళ్ల సంగతీ అంతే. కుర్చీలో నాన్న. పక్షవాతం వచ్చి ఎడమపక్క పట్టు తగ్గింది. చుట్టూ నాలుగు దిండ్లు, వాటి మధ్య నుంచి ఒక కళ్లజోడు.)

అక్క: ఒరేయ్, ఇలా రా! నాన్న మళ్లీ జారారు.

తమ్ముడు: జారలేదే అక్కా. రిలాక్స్ అయ్యారు.

అక్క: గడ్డం ఛాతీకి ఆనింది. నడుము సీటు మధ్యకొచ్చింది. పాదాలు గాల్లో వేలాడుతున్నాయి. ఇంకో పది నిమిషాలు ఆగితే నేల మీద రిలాక్స్ అవుతారు.

తమ్ముడు: నువ్వు ఆ చంక కింద దిండు సరిగ్గా పెట్టలేదు.

అక్క: పొద్దున్నుంచి ఆరుసార్లు పెట్టా. పెట్టడం నా వంతు, జారడం ఆయన వంతు, వంకలు పెట్టడం నీ వంతు.

తమ్ముడు: ఎంత మంచి వస్తువు తెచ్చినా ఈ ఇంట్లో మాట దక్కదు. ఇందులో మసాజ్ ఉంది. నడుముకి వెచ్చదనం ఉంది. ఫోన్ ఛార్జింగ్ పెట్టుకోవచ్చు. గ్లాసు పెట్టుకోవడానికి గుంట కూడా ఉంది!

అక్క: అన్నీ ఉన్నాయి. నాన్న కూర్చోవడానికే చోటు లేదు.

తమ్ముడు: చోటు లేదా? ఇద్దరు పడతారు!

అక్క: నేను చెప్పేదీ అదే. ఇద్దరు పట్టే చోట ఒకర్ని కూర్చోబెడితే ఆయన ఎటు ఒరగాలి? పట్టు లేని వైపుకే ఒరుగుతారు. అందుకే ఈ నాలుగు దిండ్లు. రేపు ఐదోది కుట్టిస్తానంటావు.

తమ్ముడు: దిండ్లెందుకు? ఒక పొడుగాటి తువ్వాలు తీసుకుని నడుము చుట్టూ ఇలా తిప్పి, వెనకాల ముడేస్తే...

అక్క: వెయ్యి చూస్తా! ఆయన జారడం ఆగదు, తువ్వాలు పైకి జరుగుతుంది. ముందు పొట్టకి, తర్వాత ఛాతీకి, ఆ తర్వాత మెడకి. కట్టేయడానికి ఆయనేం మూటా?

తమ్ముడు: సరే సరే, మాటవరసకన్నా.

(తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు, అసలు అందుకే తెచ్చినట్టు.)

అక్క: ఒకటి అడుగుతా, నిజం చెప్పు. షాపులో ఈ కుర్చీలో ఎవరు కూర్చుని చూశారు?

తమ్ముడు: నేనే. అరగంట కూర్చున్నా. ఎంత హాయిగా ఉందో తెలుసా?

అక్క: ఆరడుగుల మనిషివి. నీకెందుకు ఉండదు హాయి? చెప్పులు నీ కాలికి వేసి చూసుకుని ఆయనకి తెచ్చినట్టుంది.

తమ్ముడు: కుర్చీకి కూడా కొలతలేంటే? చొక్కానా?

అక్క: చొక్కా వదులైతే మడత పెట్టుకోవచ్చు. కుర్చీ వదులైతే వీపు మడత పడుతుంది. ఆ కుట్టుమిషన్ డబ్బాలో టేపుంది, తే. ఆ చెక్క కుర్చీ కూడా.

తమ్ముడు: ఇంత మెత్తటిది వదిలేసి చెక్క కుర్చీనా?

అక్క: కొలవడానికే. మెత్తటి దాంట్లో మనిషి కూరుకుపోతాడు, కొలత తప్పొస్తుంది. ఐదు నిమిషాల పని. రా, అటు పట్టుకో. మూడు లెక్కపెడతా, లేపుదాం.

తమ్ముడు: మూడు అనగానే లేపాలా, మూడు అన్నాక లేపాలా?

అక్క: అనగానే.

తమ్ముడు: అన్నాకే కదా అనగానే?

నాన్న: (నెమ్మదిగా) రెండుకే... లేపండి.

(రెండుకే లేపారు. అక్క ఆయన నడుముని కుర్చీ వీపుకి ఆనించి, ఎడమ పక్క మోకాలితో కాసుకుని టేపు తీసింది.)

అక్క: చూడు. తుంటి వెనక నుంచి మోకాలి వెనక దాకా ఎంత?

తమ్ముడు: నలభై ఆరు సెంటీమీటర్లు.

అక్క: మోకాలి వెనక రెండు మూడు వేళ్ల ఖాళీ వదలాలి. అంటే సీటు లోతు సుమారు నలభై ఒకటి, నలభై రెండు ఉంటే చాలు. ఇప్పుడు నీ సింహాసనం కొలు.

తమ్ముడు: (కొలిచాడు. మళ్లీ కొలిచాడు. టేపు తిరగేసి కొలిచాడు.) ...యాభై రెండు.

అక్క: మోకాళ్లు సీటు అంచు దాకా రావు. కాళ్లు మడవాలంటే ఆయన ముందుకు జరగాల్సిందే. జరిగితే వీపు గూనిగా వంగుతుంది, బరువంతా తోకఎముక మీద పడుతుంది. ఇక జారుడే. దిండు తప్పు కాదు, నాన్న తప్పు అంతకన్నా కాదు. వెడల్పు?

తమ్ముడు: తుంటి ముప్పై ఆరు. కుర్చీ... చెప్పను.

అక్క: చెప్పు.

తమ్ముడు: యాభై ఎనిమిది.

అక్క: పక్కకో వేలు ఖాళీ చాలు, నువ్వొక మనిషిని వదిలావు. ఇక ఎత్తు. నేల నుంచి మోకాలి వెనకకి. చెప్పుల్తో కొలు, ఇంట్లో వేసుకునేవే.

తమ్ముడు: నలభై మూడు. కుర్చీ యాభై. చాలమ్మా తల్లీ, ఇక కొలవకు, పరువు పోతోంది. అయినా ఇందులో లేపే బటన్ ఉంది కదా? చేతుల్తో లేపక్కర్లేదు కదా?

అక్క: మొదటి రోజు నొక్కావుగా, మర్చిపోయావా? మెల్లగా పైకి లేపి, మర్యాదగా ముందుకు వంచి, నాన్నని నా మీద పడేసింది. కాళ్ల మీద కాస్త బరువు మోసుకుని, తూలకుండా నిలబడగలిగే వాళ్లకి ఆ బటన్ వరం. నిలబడలేని వాళ్లకి గెంటేయడమే.

తమ్ముడు: పోనీ వెనక్కి వాల్చే బటన్? అది మంచిదేగా?

అక్క: వాల్చితే ఏమవుతోంది? వీపు ఒక్కటే వెనక్కి పోతోంది. లేపినప్పుడు చర్మం రెక్సిన్‌కి రాసుకుని మనిషి ముందుకి జారతాడు. పైగా ఆ ఫుట్‌రెస్ట్ కాళ్లని చాచేస్తుంది. తొడ వెనక కండరాలు బిగిసిన వాళ్లకి కాళ్లు చాచితే నడుము ముందుకొచ్చేస్తుంది. సీటూ వీపూ కలిసి ఒకే కోణంలో, ఊయల వెనక్కి ఒరిగినట్టు ఒరిగే కుర్చీలుంటాయట. టిల్ట్ అంటారు. మోకాళ్లు పైకి లేస్తాయి, నడుము వెనక్కి సర్దుకుంటుంది, బరువు కొంత వీపుకి పోతుంది.

తమ్ముడు: టిల్టట. రోజూ ఇంట్లోనే ఉండే దానివి, ఇవన్నీ నీకెవరు చెప్పారు?

అక్క: నిన్న ఫోన్ చేశా. ఆక్యుపేషనల్ థెరపిస్టుకి. రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా సాయపడే ఆవిడ.

తమ్ముడు: చేశావా! నాకు చెప్పకుండా! వాళ్లొస్తే ఇంకో కుర్చీ అంటగడతారని చెప్పానా లేదా?

అక్క: కుర్చీ మాటే ఎత్తలేదావిడ. మొట్టమొదట ఏమడిగిందో తెలుసా? "ఆయన కుర్చీలో కూర్చుని ఏం చెయ్యాలనుకుంటున్నారు?" అని.

తమ్ముడు: ఇదేం ప్రశ్న? కూర్చుని కూర్చుంటారు!

అక్క: నేనూ అదే చెప్పి నాలుక కరుచుకున్నా. ఇరవై రోజుల నుంచి మనం నాన్నని అడగనేలేదురా.

(ఇద్దరూ చెక్క కుర్చీ వైపు తిరిగారు. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. రిక్లైనర్లో పడుకున్నట్టు ఉన్నన్నాళ్లూ ఆయనకి కనిపించింది సీలింగ్ ఫ్యాను ఒక్కటే.)

నాన్న: ఆ చెట్టు... ఎప్పుడు కొట్టేశారు?

తమ్ముడు: ...పది రోజులైంది నాన్నా.

నాన్న: పేపరు... చదవాలి. ఫ్యాను మీద... మూడో రెక్కకి దుమ్ముంది.

అక్క: ఫ్యాను దులపమని నీకు ఎన్నిసార్లు చెప్పా?

తమ్ముడు: నాకు కాదు, నువ్వే దులుపుతానన్నావు!

అక్క: తర్వాత తేలుద్దాం. ఇటు పట్టుకో, మంచం మీదికి మారుద్దాం, ఈ చెక్క మీద ఎక్కువసేపు వద్దు. ఒకసారి పక్కకి తిప్పు. తోకఎముక దగ్గర చూడాలి.

తమ్ముడు: ఎర్రగా ఏం లేదే.

అక్క: మన చర్మం మీద ఎరుపు తేలిగ్గా తెలియదు. పక్కనున్న చోటి కంటే నల్లబడిందా, వేడిగా ఉందా, గట్టిగా ఉందా చూడాలి. వేలితో నొక్కు. రంగు మారి మళ్లీ వస్తోందా?

తమ్ముడు: వస్తోంది.

అక్క: బతికిపోయాం. మచ్చ ఉండి, నొక్కినా దాని రంగు మారకపోతే బెడ్‌సోర్, అంటే ఒత్తిడి పుండు, మొదలైనట్టే. ఎంత మంచి కుర్చీ అయినా గంటల తరబడి ఒకే భంగిమలో ఉంచకూడదంది. కుర్చీలో ఉంటే గంటకోసారైనా మార్చాలి.

తమ్ముడు: మరి నేను ఆర్డర్ పెట్టిన రింగు కుషన్? మధ్యలో గుండ్రంగా కన్నం ఉంటుంది, ఆ చోటికి ఒత్తిడే తగలదు!

అక్క: (తల పట్టుకుంటూ) ఎన్ని పెట్టావు?

తమ్ముడు: రెండు. ఒకటి కొంటే ఒకటి ఉచితం.

అక్క: కన్నం చుట్టూ ఉన్న చోటే నొక్కుకుపోయి రక్తం ఆడదు. వెనక్కి పంపు. ఒత్తిడి పంచే ఫోమో, జెల్లో, గాలి కుషనో ఆవిడే చూసి చెబుతుంది. కుర్చీతో కలిపి చూడాలట. కుషన్ మందం కూడా ఎత్తులో కలుస్తుంది కదా.

తమ్ముడు: ఎల్లుండి వస్తోందా?

అక్క: ఎల్లుండి. ట్రయల్‌కి ఒక కుర్చీ పట్టుకొస్తోంది. కూర్చోబెట్టి, కొన్ని గంటలు చూసి, లేపాక చర్మం చూసి, అప్పుడే కొనాలట. తలుపుల వెడల్పు కూడా కొలిచి ఉంచమంది.

తమ్ముడు: తలుపు విషయం మాట్లాడకు.

అక్క: మాట్లాడను. ఇంతకీ ఈ పర్వతాన్ని ఏం చేస్తావు?

తమ్ముడు: అమ్మేస్తా. ఫొటో తీసి పెడతా. ముందు నేను కూర్చుని, బటన్లన్నీ పనిచేస్తున్నాయో లేదో చూడాలి కదా. కొనేవాళ్లు అడుగుతారు...

(కూర్చున్నాడు. మసాజ్ నొక్కాడు. సీటు అంచు సరిగ్గా మోకాలి వెనక రెండు వేళ్ల దూరంలో ఆగింది. పాదాలు నేలకి ఆనాయి. అక్క టేపు చుట్టి డబ్బాలో పెట్టి వచ్చేసరికి గురక.)

అక్క: ఒరేయ్! తలుపు కొలవమన్నానా!

నాన్న: (మంచం మీద నుంచి) వాడు... జారడం లేదు. ఉండనీ. ఒక దిండు... ఇటివ్వు.