దీనబంధు బావుకి, సంజాయిషీ కోరుతూ

బావూ, దణ్ణాలు.

టెక్కలి నుంచి చీపురుపల్లి దాకా పెరళ్ళలో, పశువుల సాల వెనక, సగం మట్టిలో దిగబడి ఉన్న దీనబంధు రకం గోబర్ గ్యాసు గోతులు, తమరందరికీ కలిపి రాస్తున్న ఉత్తరం ఇది. ఒక్కొక్కరికీ విడిగా రాయక్కర్లేదు. తమ అందరి మీదా ఉన్న ఫిర్యాదు ఒకటే: గ్యాసు రావట్లేదు. తమ నెత్తి మీద కోళ్ళు పడుకుంటున్నాయి. నోట్లో కొబ్బరి డొక్కలు ఇరుక్కున్నాయి. వాల్వు పిడి ఎవరో పట్టుకుపోయారు. అయినా సరే, తప్పు తమదేనని ఊరు తేల్చేసింది.

పేరు చూస్తే దీనబంధు. 1984లో అఫ్‌ప్రో (AFPRO) అనే సంస్థ తమ నమూనా గీసినప్పుడు, గ్యాసు పట్టే ఇనుప డ్రమ్ము కొనలేనివాడికి ఇటుకా సిమెంటుతో గోపురం కట్టిద్దామన్నదే ఆలోచన. తమకన్నా ముందు పుట్టిన డ్రమ్ము అన్నగారికి ఏటేటా రంగు వెయ్యాలి. బారువ, భావనపాడు వైపు ఉప్పుగాలికి ఒక్క ఏడాది రంగు మానేస్తే చాలు, డ్రమ్ము జల్లెడే. తమకి తుప్పు బాధ లేదు. అందుకేనేమో, తమరికి అసలు ఏ బాధా ఉండదని అంతా అనుకున్నారు.

తమ మీద మొదటి నేరం తిండిపోతుతనం. రోజుకి రెండు ఘనపు మీటర్ల గ్యాసు ఇచ్చే గొయ్యికి రోజూ 50 కిలోల పచ్చి పేడ, 50 లీటర్ల నీళ్ళు కావాలి. కిలో పేడకి 40 లీటర్ల గ్యాసు తీస్తారు తమరు. ఆవు పది కిలోలు, గేదె పదిహేను కిలోలు వేస్తుందనుకుంటే నాలుగైదు పశువులు ఉండాలి, అదీ రోజంతా సాలలోనే కట్టేస్తే. మేతకి తోలితే పగటి పేడంతా గెడ్డ గట్టునే పోతుంది, తమ వాటాకి రాత్రి పేడే మిగులుతుంది. తమర్ని కట్టిననాడు సాలలో ఓ జత ఎడ్లు, రెండు ఆవులు, ఓ గేదె. తరవాత ఎడ్లు పోయాయి, ట్రాక్టరొచ్చింది. ట్రాక్టరు పేడ వెయ్యదు కదా! ఇప్పుడు ఉన్న రెండు ఆవుల ఇరవై కిలోలకి 800 లీటర్లు తయారవుతుంది. పొయ్యి బర్నరు గంటకి 450 లీటర్ల దాకా తాగుతుంది. గంటా ముప్పావు మంట. పొద్దున్న అన్నం, కూర అయ్యాక రాత్రి పాలు పెట్టేసరికి గుటుక్కుమంటుంది. వెంటనే "చెడిపోయింది" అంటారు. పెద్ద గొయ్యి తవ్విస్తే పెద్ద మంట వస్తుందని లెక్కేసినవాళ్ళని మాత్రం ఎవరూ ఏమీ అనరు.

రెండోది, దాహం. సాల కడిగిన నీళ్ళు ఎటు పోవాలో తెలీక తమ నోట్లోకే మళ్ళించారు. పేడా నీళ్ళూ సరిసమానంగా కలిపితే రోజుకి వంద లీటర్లు. గోతిలో నాలుగు వేల లీటర్లు పడుతుంది కాబట్టి లోపలికి వెళ్ళిన పేడకి 40 రోజులు నానే తీరిక ఉంటుంది. నీళ్ళు రెట్టింపు పోస్తే 150 లీటర్లవుతుంది, పేడ 27 రోజులకే బయటపడుతుంది. సగం ఉడికిన అన్నం వార్చేసినట్టే. కలిపాక చేత్తో తీసి చూస్తే చోడి అంబలిలా వేళ్ళ సందుల్లోంచి జారాలి, వేళ్ళకి పల్చగా పూత మిగలాలి. పూత మిగల్లేదంటే నీళ్ళు ఎక్కువైనట్టు. జారనే జారలేదంటే గొట్టం దగ్గరే అడ్డుపడుతుంది.

ఇసుక సంగతి వేరే చెప్పాలి. ఇక్కడి సాలల్లో చాలావాటికి మట్టి నేలే. చీపురుతో ఊడ్చి ఎత్తిన పేడలో రోజుకి కిలో ఇసుక వస్తుందనుకోండి, ఎక్కువేం కాదు. ఏడాదికి 365 కిలోలు. అదంతా అడుగునే దిగితే అయిదేళ్ళలో గోతిలో నాలుగో వంతు పైన ఇసుకే. అది పేడ తినదు, గ్యాసు ఇవ్వదు, కదలదు. దీనికి మందు కలిపే తొట్టిలోనే ఉంది. గొట్టం మూతి కాస్త ఎత్తులో, తొట్టి వాలు దానికి ఎదురు దిక్కున ఉండాలి. కలిపి రెండు నిమిషాలు ఆగి, అప్పుడు బిరడా తియ్యాలి. అడుగున మిగిలిన ఇసుకని దోసిలితో ఎత్తి బయట పొయ్యాలి. పొద్దున్న పూట ఆ రెండు నిమిషాలు ఎవరికీ ఉండవు.

గడ్డీ గాదం పైకి తేలి తెట్టులా గట్టిపడుతుంది, గ్యాసుని పైకి రానివ్వదు. ఉద్దానం వైపు కొబ్బరి పీచు, పలాస వైపు జీడిపిక్కల పెంకు కూడా తమకే సమర్పించారు. పీచులోని కట్టె పదార్థాన్ని తమ లోపలి సూక్ష్మజీవులు కొరకలేవు. జీడి పెంకులోని నూనె తగిలితే వాటి ప్రాణానికే ముప్పు. ఫినాయిలు, బ్లీచింగు, జబ్బు చేసిన గేదెకి యాంటీబయాటిక్ పొడిచాక వేసిన పేడ, ఇవన్నీ కూడా అదే దారిలో లోపలికెళ్ళాయి. ఫినాయిలుతో కడిగిన సాల శుభ్రంగానే ఉంది. తమ పొట్టే చచ్చింది.

సిరిమాను పండక్కి చుట్టాలొచ్చి వెళ్ళాక మిగిలిన అన్నం, పులిహోర, పప్పు అన్నీ ఒకేసారి తమ నోట్లో పడ్డాయి. పేడ కంటే అన్నం ఎక్కువ గ్యాసు ఇస్తుంది, అబద్ధం కాదు. కానీ తమ లోపల పనిచేసేవాళ్ళు రెండు జట్లు. ఒక జట్టు అన్నాన్ని ఆమ్లంగా మారుస్తుంది, అది చురుకు. రెండో జట్టు ఆ ఆమ్లాన్ని మీథేన్ చేస్తుంది, అది నిదానం. అన్నం గుమ్మరిస్తే మొదటి జట్టు పరుగెత్తుతుంది, రెండోది వెనకబడుతుంది, గొయ్యి పులిసిపోతుంది. గ్యాసు బుసబుసా వస్తుంది గానీ అందులో బొగ్గుపులుసు వాయువే ఎక్కువ, అగ్గిపుల్ల ఆరిపోతుంది. అప్పుడు వారం రోజులు తిండి మాన్పించి, కాస్త సున్నపు తేట పోసి, నడుస్తున్న గొయ్యి నుంచి నాలుగు బిందెల తొరక (గ్యాసు పోగా మిగిలిన పేడనీళ్ళు) తెచ్చి పొయ్యాలి. లంఖణం పరమౌషధం అన్నది తమరికీ వర్తిస్తుందని ఎవరికీ తట్టలేదు.

మంట ఎగిరెగిరి పడుతోందని మరో ఫిర్యాదు. అది గ్యాసు తప్పు కాదు, పైపులో నీళ్ళు. గ్యాసు తడిగా వస్తుంది, రాత్రి చల్లబడి పైపు గోడలకి చెమట పడుతుంది. పైపు ఎక్కడ ఉయ్యాలలా జారిందో అక్కడ చెంబెడు నీళ్ళు చేరతాయి. పైపు వాలు తమ వైపుకే ఉండాలి, లేదా పల్లంలో T ఆకారపు అతుకు పెట్టి కుళాయి బిగించాలి. సిలిండరు పొయ్యి తెచ్చి తమకి తగిలించడం ఇంకో ఘనకార్యం. దాని జెట్ రంధ్రం తమ గ్యాసుకి చాలదు, ఒత్తి వెలిగించినట్టు మినుకుమినుకుమంటుంది. మంట పసుపుగా ఉంటే గాలి మూత తిప్పి చూడాలి. నీలంగా, చిన్నగా బుస్సుమని మోగితే సరి.

అన్నిటికన్నా పెద్ద అభియోగం, పేడలో సారమంతా తమరే తినేశారట. బయటికొచ్చిన తొరక "దమ్ము పోయిన గత్తం" అట. మీథేన్ అంటే కర్బనం, హైడ్రోజన్. నత్రజని, భాస్వరం, పొటాష్ తమరు ముట్టుకోరు, తొరకలోనే వదిలేస్తారు. కంపు కొట్టదు, ఈగలు ముసరవు, అందుకే అనుమానం. మనవాళ్ళకి కంపు కొట్టనిదే ఎరువని నమ్మకం కుదరదు. ఆ తొరకని వారాల తరబడి ఎండలో ఆరబెట్టి, నత్రజనిని గాలికి వదిలేసి, తరవాత దమ్ము లేదంటారు. ఇంతలో వీధి చివర పెంటపోగు మాత్రం తన మీథేన్‌ని ఊరికే ఆకాశానికి ధారపోస్తోంది. వందేళ్ళ లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు వేడి పట్టే వాయువది. దానికి సంజాయిషీ నోటీసు వెళ్ళదు.

ఇక దర్యాప్తు. గోపురం కారుతోందా, పైపు కారుతోందా అన్నది తవ్వకుండానే తేలుతుంది. గ్యాసు పైన చేరేకొద్దీ తొరకని బయటి తొట్టిలోకి తోస్తుంది, పొయ్యి దగ్గర ఒత్తిడంతా లోపలి మట్టం కంటే ఆ తొట్టి మట్టం ఎంత ఎత్తుందో అదే. సాయంత్రం తమ నెత్తి మీది వాల్వు కట్టేసి, తొట్టి గోడ మీద సుద్దతో గీత గీయాలి. తెల్లారి మట్టం గీత దాటి లేస్తే గోపురం బాగానే ఉంది, తప్పు పైపుదో పొయ్యిదో. లేవకపోతే వాల్వు మెడ దగ్గరో గోపురం పైభాగంలోనో కారుతోంది, లేదా ఆకలి. కొంత లేచి, పొర్లే కంత దాకా పోకుండా రోజూ ఒకే చోట ఆగితే పగులు కిందెక్కడో ఉంది. మెడ మీదా, అతుకుల మీదా కుంకుడు నురగ రాస్తే బుడగ చూపిస్తుంది. అగ్గిపుల్ల గీసి వెతకొద్దు. అరుగు అలకడానికి తమ నెత్తి మీది మట్టి ఎత్తుకుపోయినవాళ్ళు తెచ్చి మళ్ళీ కప్పాలి, లోపలి ఒత్తిడికి ఎదురు బరువు అదే. పక్కనున్న కొబ్బరిచెట్టు వేరు ఇటుకలోకి దూరిందేమో కూడా చూడాలి.

ఒకవేళ పూడిక తియ్యాల్సి వస్తే, నూతిలోకి దీపం దించి చూసే పాత అలవాటు ఇక్కడ పనికిరాదు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం ఉంటే ఆ దీపమే పేలుడు. ఖాళీ అయినట్టు కనబడే గోతిలో ఊపిరాడదు, కుళ్ళిన గుడ్డు వాసనేసే విషవాయువు మోతాదు పెరిగితే ముక్కుకి తెలియడం మానేస్తుంది. దిగినవాడి కోసం ఇంకొకడు దిగడం, ఇద్దరూ పోవడం అలాగే జరుగుతుంది. రోజుల తరబడి గాలాడించకుండా, నడుముకి తాడు కట్టి పైన మనుషులు పట్టుకోకుండా ఎవరినీ దించేది లేదు.

మళ్ళీ నింపడానికి రెండు టన్నుల పేడ కావాలి. చుట్టుపక్కల సాలలన్నీ అడగాలి. మొదటి గ్యాసు గాలితో కలిసి ఉంటుంది కాబట్టి పొయ్యికి పంపకుండా ఊరికే వదిలేస్తాం. మంట పట్టడానికి మూడు నాలుగు వారాలు, పుష్యమాసపు చలైతే ఇంకా ఎక్కువ. రేపు పొద్దున్న మాత్రం ముందు తమ నోట్లోని డొక్కలు లాగుతాం. సుద్దముక్క జేబులోనే ఉంది.

ఇట్లు,
ఆ డొక్కలు పడేసినవాళ్ళం