గర్జనకు చప్పట్లు సరే, వీలునామా ఎవరు విన్నారు?

స్వీడన్ మెటల్ బ్యాండ్ ఓపెత్ 2024 నవంబరులో తెచ్చిన 'ది లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్' ఆల్బమ్ మీద తీర్పు, ఆల్బమ్ కంటే ముందే వచ్చేసింది. ఆగస్టులో మొదటి పాట బయటికొచ్చింది. అందులో గాయకుడు మికాయెల్ ఓకెర్‌ఫెల్ట్ మళ్లీ గ్రౌల్ చేశాడు. ఈ బ్యాండ్ స్టూడియో ఆల్బమ్‌లో ఆ గొంతు వినిపించి అప్పటికి 16 ఏళ్లు. ఇంకేముంది, మిగతా ఏడు పాటలూ వినకుండానే చాలామంది పండగ చేసుకున్నారు. ఇంకొందరు "మళ్లీ పాత దారికే పోయాడు" అని పెదవి విరిచారు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో మెటల్ వినే కొద్దిమంది కూడా ఇదే రెండు గుంపులుగా చీలిపోవడం నేను చూశాను. ఆల్బమ్ వచ్చాక కూడా ఆ గుంపులు పెద్దగా మారలేదు. మెచ్చుకున్నవాళ్లు గ్రౌల్ ఉందని మెచ్చుకున్నారు, తిట్టినవాళ్లు గ్రౌల్ ఉన్నా పాత మజా లేదని తిట్టారు. ఇద్దరూ మాట్లాడింది గొంతు గురించే.

ఈ సంగీతం తెలియనివాళ్ల కోసం ఒక మాట. మెటల్ అంటే గిటార్లు, డ్రమ్స్ దద్దరిల్లే గట్టి రాక్ సంగీతం. గ్రౌల్ అంటే గొంతు చించుకుని అరవడం కాదు. అసలు స్వరతంత్రులకు పైన ఉండే మడతలను కంపింపజేసి తీసే లోతైన గరగర ధ్వని అది. పద్ధతిగా నేర్చుకున్నవాళ్లు కచేరీ మొత్తం అలాగే పాడి, మర్నాడు మామూలుగా మాట్లాడతారు. మా ఊళ్లో ఎవరి ఇంట్లోనైనా ఇది పెడితే "ఏటిరా ఆ అరుపులు?" అనే ప్రశ్న రాక మానదు. ఆ ప్రశ్న సంగతి తర్వాత చూద్దాం, ఎందుకంటే అది పైకి కనిపించేంత తీసిపారేసే ప్రశ్న కాదు.

ఓపెత్‌కు మొదటి నుంచీ రెండు గొంతులున్నాయి. ఒకే పాటలో గర్జన, ఆ వెంటనే మెత్తని మామూలు గొంతు. 2003లో 'డామ్నేషన్' ఆల్బమ్ మొత్తం మెత్తగానే పాడారు. అప్పుడు ఎవరూ పెద్దగా గొడవ చేయలేదు, ఎందుకంటే దానికి కాస్త ముందే 2002లో గట్టి ఆల్బమ్ వచ్చింది, తర్వాతా వస్తుందని నమ్మకం. గ్రౌల్ ఉన్న 2008 ఆల్బమ్ తర్వాత లెక్క మారింది. 2011లో వచ్చిన 'హెరిటేజ్' నుంచి వరుసగా నాలుగు ఆల్బమ్‌లు గ్రౌల్ లేకుండా వచ్చాయి. వేదిక మీద పాత పాటలు పాడేటప్పుడు మాత్రం ఓకెర్‌ఫెల్ట్ గ్రౌల్ చేస్తూనే ఉన్నాడు. అంటే గొంతు పోలేదు, ఇష్టం లేక ఆపాడు. అభిమానులకు ఎక్కువ కోపం తెప్పించింది ఇదే.

ఈ కోపం మనకు కొత్తేమీ కాదు. ఉత్తరాంధ్ర ఊళ్లలో పౌరాణిక నాటకం చూసినవాళ్లకు "వన్స్ మోర్" అన్న కేక తెలుసు. కాటి సీన్లో పద్యం బాగా పాడాడంటే జనం ఊరుకోరు. శ్మశానంలో ఏడుస్తున్న రాజు ఏడుపు ఆపి, హార్మోనియం వైపు చూసి, అదే పద్యం మళ్లీ ఎత్తుకోవాలి. కథ అక్కడే ఆగిపోతుంది, జనానికి పట్టింపు లేదు. నటుడికీ లేదు, నిజానికి అదే అతనికి దక్కే అసలు కానుక. వన్స్ మోర్ అడగడం తప్పని నేను అనను. డబ్బు పెట్టి, రాత్రి నిద్ర మానుకుని వచ్చినవాడికి ఆ హక్కుంది. కానీ వన్స్ మోర్ అడిగేవాడు ఆ క్షణంలో నాటకాన్ని చూడటం లేదు, గొంతును వింటున్నాడు. ఓపెత్ అభిమానులు పదహారేళ్ల పాటు వన్స్ మోర్ అన్నారు. చివరికి అది దొరికింది. దొరికిన ఆనందంలో దాని చుట్టూ ఉన్న నాటకాన్ని గమనించలేదు.

ఒక్క ఓపెత్ దగ్గరే ఇలా జరగలేదు. మెటల్‌లో పెద్ద ప్రయత్నం ఏది వచ్చినా శ్రోతలు చెవికి తొందరగా తగిలే ఒక్క విషయాన్ని పట్టుకుంటారు, ఆ తర్వాత చర్చంతా దాని మీదే. 2003లో మెటాలికా 'సెయింట్ యాంగర్' తెస్తే, డబ్బా కొట్టినట్టు మోగే స్నేర్ డ్రమ్ తప్ప ఇంకేదీ జనానికి గుర్తు లేదు. 2015లో ఐరన్ మెయిడెన్ డబుల్ ఆల్బమ్ 92 నిమిషాలు ఉందంటే మాటలన్నీ నిడివి చుట్టూ తిరిగాయి. అందులో చివరి పాట 1930లో కూలిపోయిన ఆర్101 అనే బ్రిటిష్ గాలిఓడ మీద 18 నిమిషాల కథ. దాన్ని కథగా విన్నవాళ్లు ఎంతమందో గానీ, "18 నిమిషాలా!" అన్నవాళ్లను మాత్రం నేను బోలెడుమందిని చూశాను.

ఇక ఓపెత్ ఆల్బమ్‌లో ఏముందో చూద్దాం, దాన్ని వదిలేసి మాట్లాడితే నేనూ అదే గుంపులో చేరినట్టు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తర్వాతి కాలం. ఒక ధనవంతుడు, ఇంటి పెద్ద, చనిపోయాడు. వీలునామా చదివి వినిపించడానికి పిల్లల్ని పిలిచారు. కవలలు ఇద్దరు వచ్చారు. వాళ్లతో పాటు పోలియో వచ్చిన ఒక అమ్మాయి కూడా ఉంది. అనాథ అని చెప్పి ఆ ఇంట్లో పెంచిన పిల్ల. ఈమె ఇక్కడెందుకు కూర్చుందని కవలలకు అనుమానం. కాగితం ఒక్కో పేరా చదువుతుంటే ఒక్కో రహస్యం బయటపడుతుంది. మొదటి ఏడు పాటలకు పేర్లు లేవు, దస్తావేజుల్లో పేరాకు వేసే గుర్తు, దాని పక్కన అంకె, అంతే. ఒక మిత్రుడికి "అది విను" అని చెప్పడానికి కూడా వీల్లేని పేర్లు. ఎనిమిదో పాటకు మాత్రం 'ఎ స్టోరీ నెవర్ టోల్డ్' అని పేరుంది. వీలునామా అయిపోయాక వచ్చే ఒక ఉత్తరం అది. అప్పటిదాకా రక్త సంబంధం గురించి విన్నదాన్ని ఆ ఉత్తరం తలకిందులు చేస్తుంది.

ఆస్తి పంపకాల దగ్గర అన్నదమ్ములు మాటలు మానేసిన ఇళ్లు మన దగ్గర వీధికొకటి ఉంటాయి. పెంచుకున్న పిల్లకు ఎంత రాయాలి, అసలు రాయాలా వద్దా అన్న గొడవ కోర్టు మెట్లెక్కిన కుటుంబాలూ ఉన్నాయి. స్టాక్‌హోమ్ వాళ్లు రాసిన ఈ కథలో విజయనగరం శ్రోతకు అర్థం కానిది ఏమీ లేదు. అయినా నేను మాట్లాడినవాళ్లలో చాలామందికి, ఆల్బమ్ నచ్చినవాళ్లతో సహా, ఆ అమ్మాయి ఉందన్న సంగతే తెలియదు.

ఇక్కడే గ్రౌల్ సంగతి తేలుతుంది. ఈ ఆల్బమ్‌లో గొంతులు అలంకారం కోసం లేవు. చనిపోయిన తండ్రి కోపం, అధికారం గర్జనలో వస్తాయి. మెత్తని గొంతు వచ్చినప్పుడు ఆ కోపం అడుగున ఉన్న అవమానం, దిగులు వినిపిస్తాయి. మూడోది మాట. జెత్రో టల్ బ్యాండ్ ఇయాన్ ఆండర్సన్ మధ్యమధ్యలో పాట ఆపించినట్టుగా గంభీరంగా చదువుతాడు, నాలుగో పేరాలో, ఏడో పేరాలో వేణువు కూడా వాయిస్తాడు. ఓకెర్‌ఫెల్ట్ కూతురి గొంతు కూడా మొదటి పాటలో కాసేపు వినిపిస్తుంది. అంటే గ్రౌల్ తిరిగి రావడానికి కారణం అభిమానుల ఒత్తిడి మాత్రమే అనుకోవడం పొరపాటు. చనిపోయాక కూడా ఇల్లంతా తన మాటే సాగాలనుకునే మనిషి ఇక్కడ ఉన్నాడు కాబట్టి ఆ గొంతుకు పని దొరికింది. పౌరాణిక పద్యాలు వినే ఒక పెద్దాయనకు ఈ ఆల్బమ్ కొంచెం వినిపిస్తే, "ఆ అరిచేవాడు కథలో ఎవరు బాబూ?" అని అడిగాడు. పదేళ్లుగా ఓపెత్ వింటున్న కుర్రాళ్లు ఒక్కరూ అడగని ప్రశ్న అది. ఇందాకటి "ఏటిరా ఆ అరుపులు"కు ఒక్క అడుగు అవతల ఉంది.

దీన్ని చూసి "మెటలూ మన హరికథా ఒకటే" అని ఎవరైనా తేలిగ్గా అనేస్తే నేను ఒప్పుకోను. ఇలాంటి పోలికలు వినడానికి బాగుంటాయి గానీ రెండింటికీ అన్యాయం చేస్తాయి. విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది. దాని తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. రెండు చేతులతో, రెండు కాళ్లతో, తలతో ఐదు తాళాలు ఒకేసారి చూపించిన పంచముఖి ఆయన అని ఇక్కడ ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. తాళం తరచూ మార్చే ప్రోగ్రెసివ్ మెటల్ అభిమానులు తాళం లెక్కలు వేళ్ల మీద వేసుకుని మురిసిపోయేటప్పుడు ఆయన పేరు గుర్తుకు రావడం సహజం. కానీ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మెటల్ వినే ఇంజనీరింగ్ కుర్రాడు హరికథ వింటూ పెరగలేదు. ఆ సంప్రదాయం అతని రక్తంలో ఉందనడం ఉత్త మాట.

నాకు హరికథ దగ్గర పనికొచ్చేది వేరే ఉంది. అక్కడ కూర్చున్నవాళ్లందరికీ కథ ముందే తెలుసు. ప్రహ్లాదుడు బతుకుతాడని, స్తంభం పగులుతుందని తెలియని మనిషి ఆ పందిట్లో ఉండడు. తెలుసు కాబట్టే దాసు వచనం నుంచి పద్యానికి, పద్యం నుంచి కీర్తనకు ఎందుకు మారాడో వినేవాడు పట్టుకోగలడు. మధ్యలో పిట్టకథకు వెళ్లినా తప్పిపోడు. తర్వాత ఏమవుతుందన్న ఆత్రం లేదు కాబట్టి ఇప్పుడు ఏమవుతోందో వినడానికి తీరిక ఉంటుంది.

ఓపెత్ శ్రోతకు దీనికి పూర్తిగా ఎదురు పరిస్థితి. కథ కొత్తది. ఇంగ్లీషులో ఉంది, అందులో సగం గ్రౌల్, పుట్టుకతో ఇంగ్లీషు వాళ్లకే మాట పట్టదు. సంగీతం నిమిషానికోసారి దారి మారుస్తుంది. పైగా ఎవరైనా కథ చెప్పబోతే "స్పాయిలర్ వద్దు" అంటారు. ఏమీ తెలియకుండా వింటే మెదడుకు పట్టు దొరికేది రెండే రెండు: తెలిసిన గొంతు, నోట్లో ఆడే ట్యూన్. గొంతు దొరికింది, దాన్ని పట్టుకున్నారు. ట్యూన్ దొరకలేదు, దాన్ని తిట్టారు.

ఆ తిట్టులో కొంత నిజం ఉంది. "నాలుగుసార్లు విన్నాను అన్నా, ఒక్క ముక్కా నోటికి రాలేదు" అని ఒక కుర్రాడు అన్నాడు. అతనిది ఓపిక లేని చెవి కాదు, 2001 నాటి ఓపెత్ ఆల్బమ్ 'బ్లాక్‌వాటర్ పార్క్' రిఫ్‌లు, అంటే పదేపదే వచ్చే గిటార్ ముక్కలు, వాయించగలడు. ఆల్బమ్ నడుమ భాగం కిక్కిరిసిపోయిందని నాకూ అనిపిస్తుంది. ఒక మంచి రిఫ్ కుదురుకునేలోపే తీసేసి ఇంకోటి పెడతారు. వయొలిన్లు వస్తాయి, పోతాయి. కథ తెలిసి విన్నప్పుడు ఇందులో సగం మార్పులకు కారణం కనబడుతుంది. మిగతా సగం, చేతిలో ఉన్నవన్నీ ఒకేసారి పెట్టాలన్న ఆరాటం. "పాట దానంతట అది నిలబడాలి కదా, కథ చదివి వినాలంటే ఎలా" అనే వాదన ఒకటుంది. విడి పాటకైతే సరే. పేరు కూడా పెట్టకుండా అంకె వేసి వదిలేసిన పాటను విడి పాటగా కొలవడం మాత్రం కుదరదు. షఫుల్‌లో పెట్టుకుని మూడో పేరా తర్వాత వేరే బ్యాండ్ పాట వింటే అక్కడ దొరికేది ముక్కలే. మొత్తం నిడివి 50 నిమిషాలకు కాస్త ఎక్కువ. విజయనగరంలో పాసింజరు ఎక్కితే విశాఖ చేరేలోపు అయిపోతుంది.

చివరి పాట విషయంలో ఒక తమాషా ఉంది. గ్రౌల్ కోసమే ఆల్బమ్ విన్నవాళ్లలో కూడా చాలామంది ఎక్కువగా ఇష్టపడింది ఎనిమిదో పాటనే. అందులో గ్రౌల్ లేదు. నెమ్మదిగా సాగి గిటార్ సోలోతో ముగుస్తుంది. ఏడు పేరాల పాటు ఊపిరాడకుండా చేసి ఇక్కడ వదిలారు కాబట్టి అది అంత హాయిగా ఉంది. విడిగా వింటే బాగుండే పాట, అంతే.

గొంతు మీద ఇంత గొడవ జరగడం వల్ల అసలు అడగాల్సిన ప్రశ్న ఒకటి మరుగునపడింది. ఈ కథలో అందరికంటే నలిగింది ఆ పోలియో అమ్మాయి. ఆమెకు ఆల్బమ్‌లో గొంతేది? వినేదంతా దాదాపు తండ్రి కాగితం చెప్పిన మేరకే. అతను గర్జిస్తాడు, బాధపడతాడు, చదివించుకుంటాడు, మూడు గొంతులూ అతని చుట్టూనే తిరుగుతాయి. ఆస్తి ఆమెకు చేరే ఘట్టంలో కూడా ఆమె ఏమనుకుందో మనకు వినిపించదు. ఆఖరి ఉత్తరం కూడా ఆమె గురించే గానీ, ఆమె మాట కాదు. 14 ఆల్బమ్‌లు చేసిన, ఇన్ని గొంతులు తెచ్చిపెట్టుకోగలిగిన సంగీతకారుడు ఈ ఒక్క గొంతు ఎందుకు వదిలేశాడో నాకు అంతుపట్టలేదు. మా వైపు దాసు ఎవరైనా ఈ కథ ఎత్తుకుని ఉంటే, ఐదో పేరా దగ్గరే వీలునామా పక్కన పెట్టి, ఆ పిల్ల తరఫున ఒక పిట్టకథ చెప్పి గానీ ముందుకు కదిలేవాడు కాదు.