డాక్టరు గారు ఏం చదివారు?

చెన్నైలో మన తెలుగువాళ్ల ఇంట్లో ఎవరినైనా ఐసీయూలో చేర్చారంటే గంటలో ఫోన్లు మొదలవుతాయి. "డాక్టరెవరు? తెలుగాయనేనా? ఫారిన్‌లో చేసొచ్చారా?" ఆయన ఏం చదివారు, ఎక్కడ పని నేర్చుకున్నారు అని మాత్రం అడగం. పెళ్లిసంబంధం వస్తే అబ్బాయి ఇంటర్ మార్కుల దాకా కూపీ లాగే జనం మనం!

మన సంఘం ఆరోగ్య శిబిరాలకు వచ్చే ఊపిరితిత్తుల డాక్టర్ల పరిచయ పత్రాలు చూడండి. పేరు పక్కన ఎండీ, డీఎం, ఈడీఐసీ, ఎఫ్‌సీసీపీ అని వరసగా ఉంటాయి. అన్నీ ఒక్క తూకానివి కావు. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. పల్మనరీ మెడిసిన్‌లో, అంటే ఊపిరితిత్తుల వైద్యంలో, ఎండీ మూడేళ్లు. ఆపైన పల్మనరీ, క్రిటికల్ కేర్ (ఐసీయూ వైద్యం) కలిపిన డీఎం ఇంకో మూడేళ్లు. ఎంట్రన్సుల కోసం పోయే ఏళ్లు వేరు. ఈడీఐసీ యూరప్ ఇంటెన్సివ్ కేర్ సొసైటీ పెట్టే పరీక్ష, రెండు భాగాలూ పాసవ్వాలి. ఎఫ్‌సీసీపీ అలాంటిది కాదు. అమెరికాలోని ఛాతీ వైద్యుల కాలేజీ తన సభ్యుల్లో కొందరికి అర్హతలు చూసి ఇచ్చే ఫెలోషిప్ అది. గౌరవమే, కాదనను. కానీ దానికోసం వార్డులో నైట్ డ్యూటీలు చేయక్కర్లేదు. మన స్టేజీ మీద గొంతు పెంచి చదివేది మాత్రం దాన్నే, అమెరికాది కదా.

డీటీసీడీ, అంటే టీబీ, ఛాతీ జబ్బుల డిప్లొమా అని ఉంటే "ఓహో, టీబీ డాక్టరా" అని తేల్చేస్తాం. ఈ ఊళ్లో ఉంటూ ఆ మాట అనడం నాకు నచ్చదు. టీబీ రోగుల్ని ఉంచి వైద్యం చేసేందుకు పెట్టిన తాంబరం శానిటోరియం 1928 నాటిది. చేట్‌పట్‌లో 1956లో పెట్టిన టీబీ పరిశోధన కేంద్రం రోగుల్ని రెండు జట్లుగా చేసి, ఒక జట్టును శానిటోరియంలో ఉంచింది, రెండో జట్టుకు ఇంటి దగ్గరే మందులిచ్చింది. ఇంట్లో ఉన్నవాళ్లూ దాదాపు అంత బాగానే కోలుకున్నారని 1959లో ఫలితాలు వచ్చాయి. టీబీ వస్తే ఇల్లు విడిచి శానిటోరియానికి పోనక్కర్లేదని ప్రపంచం నమ్మింది ఆ తర్వాతే. మన దేశంలో ఛాతీ వైద్యం పెరిగిందే టీబీ వార్డుల్లో.

ఐసీయూ చూసేది మత్తు డాక్టరని తెలిస్తే పెదవి విరిచేవాళ్లూ ఉన్నారు. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించినప్పుడు, గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టి, వైద్య విద్యార్థులు వంతులేసుకుని చేత్తో సంచి నొక్కుతూ రోగులకు ఊపిరి అందించారు. ఆ దారి చూపించిన బ్యోర్న్ ఇబ్సెన్ మత్తు డాక్టరే. మత్తు వైద్యంలో ఎండీ చేసి క్రిటికల్ కేర్ నేర్చుకున్నవాళ్లు మన ఆస్పత్రుల్లో బోలెడుమంది. గొట్టం వేయడం, వెంటిలేటర్ నడపడం వాళ్లకు రోజువారీ పని.

నన్నడిగితే, ఐసీయూ బయట కూర్చున్నవాళ్లు అడగాల్సింది ఒకటుంది. రాత్రి రెండు గంటలకు వెంటిలేటర్ సెట్టింగ్ మార్చాల్సి వస్తే లోపల ఎవరుంటారు, ఆయన ట్రైనింగ్ ఏమిటి? బోర్డు మీద పేరున్న పెద్దాయన ఆ టైములో ఇంట్లో ఉంటారు, తప్పు కూడా కాదు. అడిగితే ఏమనుకుంటారోనని మనకు మొహమాటం. నేను మాట్లాడిన డాక్టర్లెవరూ విసుక్కోలేదు. ఒకాయనైతే సిస్టర్‌ను పిలిచి డ్యూటీ చార్టే తెప్పించారు.