ఎర్ర నక్షత్రం గారికి ఒక మ్యూజియం గుమాస్తా బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఎర్ర నక్షత్రం గారి దివ్యసముఖమునకు,

మ్యూజియం స్టోర్ రూమ్ పక్క గదిలో కూర్చుని, వస్తువుల వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించే కాంట్రాక్టు గుమాస్తా నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ విగ్రహాలు, నాణేలు, కత్తులు, కుండపెంకులు అన్నీ క్షేమం. తమ క్షేమం వేరే అడగక్కర్లేదు. పొద్దున కంప్యూటర్ ఆన్ చేసింది మొదలు తమ దర్శనమే కదా.

తమరెవరో తెలియని వాళ్లు ఇది చదువుతుంటే వాళ్ల కోసం ఒక్క ముక్క. ఆన్‌లైన్ ఫారంలో గడి పేరు పక్కన ఎర్రగా, ఆవగింజంత ఒక నక్షత్రం గుర్తు ఉంటుంది. అదే తమరు. తమరున్న గడి నింపి తీరాలి. నింపకుండా సేవ్ నొక్కితే గడి చుట్టూ ఎర్ర గీత పడి, 'దయచేసి అన్ని వివరాలు నింపండి' అని వస్తుంది. ఆ 'దయచేసి'లో దయ ఎక్కడుందో ఇప్పటిదాకా మా సెక్షన్‌లో ఎవరికీ దొరకలేదు.

రైలు టికెట్ ఫారంలో తమరుంటే న్యాయం. ప్రయాణికుడి పేరు, వయసు ఆయనకు తెలుసు. మా దగ్గరకొచ్చే వాళ్లలో చాలామంది నోరు విప్పరు. కొందరికి తల కూడా లేదు.

మొదట కాలం సంగతి. 'వస్తువు తేదీ' గడికి తమరు కాపలా. రోజు, నెల, సంవత్సరం మూడూ కావాలి. చేతిలో ఉన్నదేమో శాతవాహనుల సీసపు నాణెం. దాన్ని ఏ రాజు వేయించాడో చెప్పడానికే పండితులు ఒకటికి రెండుసార్లు కళ్లద్దాలు తుడుచుకుంటారు. ఏ నెలలో అంటే ఎవర్నడగాలి? 'క్రీ.శ. 2వ శతాబ్దం' అని కొడితే అక్షరాలు చెల్లవంటారు. క్రీ.పూ. సంగతి అసలు ఎత్తనే కూడదు. సరే, ముందు ఎక్సెల్‌లో పెట్టుకుందామంటే అక్కడ లోకం పుట్టిందే 1900 జనవరి 1న. అంతకు ముందు తేదీని అది తేదీగా లెక్కలోకే తీసుకోదు. అందుకని మా సెక్షన్‌లో ఒక ఆచారం స్థిరపడింది: తెలియని ప్రతిదానికీ 01/01. ఈ రికార్డుల ప్రకారం రెండు వేల ఏళ్లుగా దక్కన్‌లో ఏ కుండ కాల్చినా, ఏ కత్తి సాగగొట్టినా జనవరి ఒకటినే. మిగతా 364 రోజులూ మన పూర్వీకులు ఏం చేశారనేది పరిశోధించాల్సిన విషయం.

ఎక్సెల్ పేరు ఎత్తాను కాబట్టి ఇంకొకటి. పాత రిజిస్టర్‌లో యాక్సెషన్ నంబర్, అంటే వస్తువు మ్యూజియంలో చేరినప్పుడు ఇచ్చే నంబరు, 3-76 అని ఉంటుంది. 1976లో వచ్చిన మూడో వస్తువని అర్థం. ఎక్సెల్ దాన్ని చూసీ చూడగానే 'మార్చి 76' చేసి కూర్చుంటుంది. జన్యువుల పేర్లని కూడా ఇలాగే తేదీలుగా మారుస్తుంటే, వేగలేక 2020లో శాస్త్రవేత్తలు ఆ జన్యువుల పేర్లే మార్చేసుకున్నారు. వాళ్లు పెద్దవాళ్లు, మార్చుకోగలిగారు. మా నంబరు ఆ విగ్రహం పీఠం మీద తెల్ల రంగుతో రాసి ఉంది.

తర్వాత 'పదార్థం'. జాబితాలోంచి ఒక్కటే ఎంచుకోవాలి. బిదరీ హుక్కా ఉందనుకోండి. అది ఎక్కువ జింకు, కాస్త రాగి కలిపిన పోత. పైన వెండి పొదుగు. ఆ నల్లదనం రావడానికి బీదర్ కోట మట్టి వాడతారు. జాబితాలో 'లోహం' ఉంది, 'వెండి' ఉంది. వెండి అని పెడితే ఆడిట్ వాళ్లు వచ్చి తూకం ఏదంటారు. లోహం అని పెడితే పక్క అరలోని తుప్పు తాళానికీ దీనికీ తేడా లేదు. చివరికి 'ఇతరములు' అని నొక్కి ఊపిరి పీల్చుకుంటాం. మా డేటాబేస్‌లో అన్నిటికన్నా పెద్ద కలెక్షన్ ఏదని ఎవరైనా అడిగితే, ఇతరములే.

పదార్థం దగ్గర తడబడటం తమరితోనే మొదలైందని అననులెండి. అమరావతి స్తూపం దగ్గర 1845లో వాల్టర్ ఇలియట్ అనే ఇంగ్లీషు దొర తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి, అక్కడ ఏళ్ల తరబడి ఎండకు ఎండి వానకు తడిసి, 1859లో లండన్‌కు ఓడెక్కాయి. వాటికి పడిన పేరు 'ఇలియట్ మార్బుల్స్'. అవి పాలరాయి కాదు, పల్నాటి సున్నపురాయి. అయినా పేరు వదల్లేదు. ఆయనకంటే ముందు అదే చోట 1816-17లో సర్వే అధికారి కాలిన్ మెకంజీ మనుషులు పలకల బొమ్మలు గీశారు, కొలతలు తీశారు, స్తూపం నక్షా వేశారు. ఆ బొమ్మల్లో ఉన్న పలకలు కొన్ని ఇవాళ ఎక్కడా లేవు, కాగితం మీద తప్ప. చూసింది చూసినట్టు గీశారు. వాళ్ల నెత్తిన తమరు లేకపోవడం అమరావతి అదృష్టం.

ఇక అన్నిటికన్నా గొప్పది 'దొరికిన చోటు'. రాష్ట్రం, జిల్లా, మండలం, మూడు గడులు, మూడుచోట్లా తమరే. అమరావతి పలకనే తీసుకోండి. రాబర్ట్ సీవెల్ అనే మరో దొర 1877లో తవ్వినప్పుడు అది మద్రాసు ప్రెసిడెన్సీ, కృష్ణా జిల్లా. 1904 నుంచి గుంటూరు జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యేసరికి పల్నాడు జిల్లా. రాయి మాత్రం అంగుళం కదల్లేదు. లండన్ వెళ్లిన దాని తోబుట్టువులకి మాత్రం 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరినప్పటి నుంచీ ఒకటే అడ్రసు. చేర్యాల పటం, అదే కథల్ని బొమ్మలుగా వేసిన గుడ్డ చుట్ట, వరంగల్ జిల్లాగా రిజిస్టర్‌లో పడుకుని 2016లో సిద్దిపేట జిల్లాగా లేచింది. తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. జాబితా మారిన ప్రతిసారీ పాత పేర్లు మాయమై గడి ఖాళీ అవుతుంది. ఖాళీ అయితే తమరికి ఆగ్రహం. మళ్లీ మొదటి నుంచి మొదలు. బీదర్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రం, ఇప్పుడు కర్ణాటక. హైదరాబాద్ రాష్ట్రమని పెడదామంటే అలాంటి రాష్ట్రమే లేదని తమరి జాబితా. నిజాం గారు వింటే ఏమనుకునేవారో.

నాగార్జునకొండ సంగతైతే చెప్పుకుంటే సిగ్గు. అక్కడ 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిగాయి. తర్వాత ఆ లోయంతా సాగర్ నీళ్ల కింద. శిల్పాల్ని కొండ మీదికి చేర్చారు, ఆ కొండే ఇప్పుడు దీవి. మా స్టోర్‌లో అక్కడి పెంకు ఒకటుంది. అక్షాంశ రేఖాంశాలు తప్పనిసరి అన్నారు కదా అని లోయలో అది దొరికిన చోటు లెక్కగట్టి పెట్టాం. మ్యాప్‌లో చుక్క సరిగ్గా జలాశయం నడిమధ్య పడింది. పైనుంచి ఫోన్: 'వస్తువు నీళ్లలో దొరికిందా? మరి డైవర్ల రిపోర్టేది?' దొరికింది నేల మీదే సార్, నీళ్లే తర్వాత వచ్చాయి అని చెప్పాం. 'అలాగైతే రిమార్క్స్‌లో రాయండి' అన్నారు.

కొలతల గురించి ఎక్కువ చెప్పను. చేర్యాల పటానికి చుట్టిన కొలతా, విప్పిన కొలతా అని అడిగితే జవాబిచ్చే వాళ్లు లేరు. 'ముందు వైపు ఫోటో' కూడా తప్పనిసరే. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒకే చెక్కలో ఒకవైపు మెఫిస్టోఫిలిస్ అనే దయ్యం, రెండోవైపు మార్గరెటా అనే అమ్మాయి ఉన్న బొమ్మ చూసే ఉంటారు. ఆ బొమ్మ మా దగ్గర లేనందుకు కులదేవతకి కొబ్బరికాయ కొట్టాను.

ఇంతవరకూ నవ్వుకునే మాటలే. అసలు ఈ లేఖ రాయడానికి కారణం వేరే. తమరు కూర్చోకూడని గడులన్నిటి పక్కనా కూర్చున్నారు, సరే. కూర్చోవలసిన చోట మాత్రం లేరు.

1997లో మొదలైన 'ఆబ్జెక్ట్ ఐడీ' అనే అంతర్జాతీయ పద్ధతి ఒకటుంది. వస్తువు పోతే పోలీసులు గుర్తుపట్టడానికి కనీసం ఏమేం రాసిపెట్టుకోవాలో అది చెబుతుంది. ముందు ఫోటో. ఆ తర్వాత వచ్చే ప్రశ్నల్లో ఒకటి: ఈ వస్తువుని ఇలాంటి మిగతావాటి నుంచి వేరు చేసే గుర్తులేమిటి? అంటే దెబ్బలు, పగుళ్లు, అతుకులు. తలలేని బుద్ధులు ఎందరో ఉంటారు, ఎడమ మోకాలి మీద ఫలానా వంకరలో విరిగిన బుద్ధుడు ఒక్కడే. మా ఫారంలో ఆ గడి ఉంది. పేరు 'స్థితి'. జాబితాలో మూడు మాటలు: బాగుంది, పర్వాలేదు, బాగాలేదు. పక్కన తమరు లేరు. పొరపాటున ఎవరైనా నింపితే 'పర్వాలేదు' అని నింపుతారు.

ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డున చందవరం స్తూపముంది. అక్కడి సున్నపురాయి శిల్పం ఒకటి, బుద్ధుణ్ని కొలుస్తున్న భక్తులది, దొంగల పాలై న్యూయార్క్ వ్యాపారి ద్వారా 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి చేరింది. 2016లో తిరిగిచ్చారు. అదే గ్యాలరీ 2008లో అదే వ్యాపారి దగ్గర సుమారు 50 లక్షల డాలర్లు పోసి కంచు నటరాజును కొన్నది. అది తమిళనాడులోని శ్రీపురందాన్ గుడిలోది. 2014లో వెనక్కి వచ్చింది. దాన్ని పట్టించింది పుదుచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు గుళ్లో ఎప్పుడో తీసి దాచిన ఫోటోలు.

ఇప్పుడు తమరికి నచ్చే సంగతి. ఆ నటరాజుతో పాటు వచ్చిన కాగితాల్లో లోటన్నది లేదు. ఎవరు కొన్నారు, ఎవరి చేతులు మారాయి, మన 1972 పురావస్తువుల చట్టం అమల్లోకి రావడానికి ముందే దేశం ఎలా దాటింది, అన్నీ ఉన్నాయి. అన్నీ అబద్ధాలు. అంటే తమరి పరీక్షలో నటరాజు దొంగలు ఫస్ట్ క్లాసు. 'దొరికిన చోటు తెలియదు' అని నిజం రాసుకున్న చిన్న మ్యూజియం గుమాస్తా ఫెయిల్. తప్పనిసరి గడిని ఖాళీగా వదిలేసిన దొంగ లోకంలో ఇంతవరకూ పుట్టలేదు స్వామీ.

పెద్దిళ్లలోనూ ఇదే భాగోతం. బ్రిటిష్ మ్యూజియంలో దాదాపు 2000 వస్తువులు పోయాయని, పాడయ్యాయని 2023లో బయటపడింది. వాటిలో చాలావాటికి సరైన నమోదే లేదు. 2021లోనే ఒక వ్యాపారి, మీ సరుకు ఈబే అనే ఆన్‌లైన్ అంగట్లో అమ్ముతున్నారని చెబితే పట్టించుకోలేదు. లెక్కలో లేని వస్తువు పోయినా లెక్క తగ్గదు కదా. గొడవయ్యాక ఐదేళ్లలో అన్నీ కంప్యూటర్‌కి ఎక్కిస్తామన్నారు. ఎక్కించే ఆ గుమాస్తాలెవరో గానీ, వాళ్లకు ఇక్కడి నుంచి నా సానుభూతి.

మా పాత రిజిస్టర్ల గురించి కూడా తమరికి తెలియాలి. అట్ట ఊడిపోయింది, చెదలు కొంత తిన్నాయి. కానీ పెళ్లిలో చదివింపుల పుస్తకం రాసే పెద్దాయన ఉంటాడు చూడండి, ఎవరిచ్చారు, ఏ ఊరు, బిందె అయితే సొట్ట ఉందో లేదో కూడా రాసేవాడు, ఆ రిజిస్టర్లు రాసినవాళ్లు ఆ తరహా మనుషులు. 'చేను దున్నుతుండగా నాగలికి తగిలిన కుండ. అంచు పగులు అప్పటిదే. లోపల నాణేలు. కలెక్టరాఫీసు ద్వారా వచ్చినది' అని సిరాతో రాస్తారు. రైతు పేరు, పొలం ఏ దిక్కున ఉందో కూడా. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం పది రూపాయలు దాటిన నిధి దొరికితే కలెక్టర్‌కు చెప్పాలి కాబట్టి, ఆ దారిన వచ్చిన ప్రతి వస్తువు వెనకా ఒక మనిషి, ఒక పొలం ఉంటాయి. ఇవన్నీ కొత్త ఫారంలో ఎక్కడ ఎక్కించాలి అనడిగితే వచ్చిన జవాబు: రిమార్క్స్. అందులో 250 అక్షరాలు పడతాయి, ఖాళీలతో కలిపి. రైతు పేరు పెడితే పొలం పట్టదు. పొలం పెడితే పగులు పట్టదు.

కాబట్టి మనవి ఏమనగా, తమరు ఆ తేదీ గడిని వదిలి 'స్థితి' పక్కకి జరగాలి. ఆ మూడు మాటల జాబితా తీసేయించి, ఉన్నది ఉన్నట్టు రాసుకునేంత చోటు ఇప్పించాలి. 'ఎలా వచ్చింది' అనే గడి పక్కన కూడా ఒక కుర్చీ వేసుకోండి. అక్కడ 'తెలియదు' అని రాస్తే ఎర్ర గీత గీయకండి. ఇప్పటికి ఇంతవరకే ఎంక్వైరీ జరిగింది అనుకోండి. రేపు మరొకరికి తెలిస్తే నింపుకుంటారు. 01/01 అని నింపేసిన గడిని మాత్రం ఇక ఎవరూ తెరిచి చూడరు.

ఇంకొక్క సందేహం, తీర్చగలరు. 2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో ఒకే కుండలో 3730 సీసపు నాణేలు దొరికాయి. అలాంటి కుండే రేపు మా గదికొస్తే ఒక్కో నాణేనికి ఒక్కో రికార్డు చేయాలి, చేస్తాం, ఉద్యోగమే అది. కానీ మా పద్ధతిలో నాణేలు నాణేల సెక్షన్‌కి, కుండ కుండల సెక్షన్‌కి వెళ్లిపోతాయి. ఆ నాణేలు ఆ కుండలోవే అని చెప్పడానికి ఏ గడి నింపాలి? ఐటీ సెల్ వాళ్లని అడిగితే, కుండ రికార్డులో 'ఇతరములు' నొక్కమంటున్నారు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
డేటా ఎంట్రీ ఆపరేటర్, ఔట్‌సోర్సింగ్