టీవీ సైరన్ గారికి ఒక ప్రేక్షకుడి లేఖ

అయ్యా సైరన్ గారూ,

నమస్కారం. కుశల ప్రశ్నలు అడగడం లేదు. మీరు దిట్టంగానే ఉన్నారని మా పక్క ఫ్లాట్ గోడ అవతలి నుంచి కూడా వినపడుతోంది.

మిమ్మల్ని ఎరగని వాళ్లెవరైనా ఉంటే వాళ్ల కోసం రెండు ముక్కలు. మీరు ఉండేది సరిహద్దులో కాదు. న్యూస్ ఛానెల్ ఎడిటింగ్ రూంలో, ఒక కంప్యూటర్‌లో, చిన్న ఆడియో ఫైలుగా. ఎర్ర పట్టీ పడక ముందే, యుద్ధ విమానం బొమ్మ తెరకి అడ్డంగా దూసుకెళ్లక ముందే మీరు మొదలెడతారు. తర్వాత యాంకర్ గారు నేల మీద పరిచిన పాకిస్థాన్ మ్యాపు మీద బూట్లతో నడుచుకుంటూ వచ్చి, "మరి కాసేపట్లో ఏం జరగబోతోంది?" అని మమ్మల్నే అడుగుతారు. మాకేం తెలుసండీ, మేం రాత్రి భోజనం చేస్తున్నాం.

ముందు మీ సర్వీసు రికార్డు తిరగేద్దాం. 2025 మే 7. పహల్గాం దాడికి జవాబుగా ఆపరేషన్ సిందూర్ రాత్రి ఒంటిగంటా అయిదుకి మొదలై ఒంటిగంటన్నరకల్లా ముగిసింది. తొమ్మిది చోట్ల ఉగ్రవాద శిబిరాల మీద దాడి. 1:44కి రక్షణ శాఖ నాలుగు ముక్కల ప్రకటన ఇచ్చింది. ఆ 25 నిమిషాలూ మీరు ఎక్కడున్నారు? ఆ వేళప్పుడు మన ఛానెళ్లలో మోకాళ్ల నొప్పుల నూనె అమ్ముతుంటారు. రహస్య ఆపరేషన్ నిజంగా జరిగినప్పుడు మీరు గాఢనిద్రలో ఉన్నారు. తప్పు పట్టడం లేదు, అలా ఉండటమే దేశానికి మీరు చేసిన మేలు.

పొద్దున్న విదేశాంగ కార్యదర్శి విక్రం మిస్రీ, కల్నల్ సోఫియా ఖురేషీ, వింగ్ కమాండర్ వ్యోమికా సింగ్ వచ్చి కూర్చున్నారు. ఎక్కడ కొట్టారో, ఎందుకు కొట్టారో చెప్పి వెళ్లిపోయారు. ఎవరూ గొంతు పెంచలేదు. అది మీకు నచ్చినట్టు లేదు.

ఎందుకంటే మర్నాడు రాత్రి, మే 8న, మీరు విశ్వరూపం చూపించారు. మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ విక్రాంత్ కరాచీ పోర్టుని కాల్చి బూడిద చేసేసిందన్నారు. ఇస్లామాబాద్ మన చేతికి వచ్చేసిందన్నారు. వాళ్ల సైన్యాధిపతిని వాళ్లే పట్టుకుని లోపల వేశారన్నారు. హైదరాబాద్ నుంచి విశాఖ చేరడానికి గోదావరి ఎక్స్‌ప్రెస్‌కే రాత్రంతా పడుతుంది. మీరు మాత్రం కరాచీ దగ్గర మొదలుపెట్టి వెయ్యి కిలోమీటర్ల పైన ఉన్న ఇస్లామాబాద్‌ని తెల్లారకముందే పట్టేశారు. మధ్యలో యాడ్స్ బ్రేక్ కూడా ఇచ్చారు.

ఆ హడావిడిలో ఎక్కడివో వీడియోలు వార్తలైపోయాయి. మా అన్నయ్య కొడుక్కి పదకొండేళ్లు. అన్నం కలుపుకుంటూ ఒకసారి తల ఎత్తి టీవీ చూశాడు. "బాబాయ్, ఇది గేమ్. పేలినప్పుడు పొగ ఎప్పుడూ ఒకేలా వస్తుంది చూడు" అని మళ్లీ పప్పులో పడ్డాడు. వాడు చెప్పిందే ఆ రోజుల్లో కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ ఫ్యాక్ట్‌చెక్ వాళ్లూ చెబుతూ కూర్చోవాల్సి వచ్చింది, ఫలానా క్లిప్పు వీడియో గేమ్‌లోది, యుద్ధంలోది కాదు అని. సైన్యం పక్కన ఒక ప్రభుత్వ శాఖ మీతో కూడా పోరాడిందన్న మాట.

మూడు రోజుల తర్వాత, మే 11న, నౌకాదళం తరఫున వైస్ అడ్మిరల్ ప్రమోద్ మాట్లాడారు. అవసరమైతే కరాచీతో సహా లక్ష్యాల మీద, మేం అనుకున్న వేళకి దాడి చేయడానికి అరేబియా సముద్రంలో సిద్ధంగా నిలబడ్డాం అన్నారు. సిద్ధంగా ఉన్నారట! పాపం వాళ్లు ఎదురుచూస్తుండగానే మీరు పోర్టు ముంచేశారు. ఈ సమన్వయ లోపం గురించి ఎవరైనా విచారణ వేయాలి.

మీ జోరు మా ఊరికి ఎలా దిగిందో కూడా వినండి. శంషాబాద్‌లో కొందరు కరాచీ బేకరీ మీద పడి బోర్డు పగలగొట్టారు. దేశ విభజనప్పుడు సింధ్ వదిలి వచ్చిన కుటుంబం హైదరాబాద్‌లో 1953లో పెట్టుకున్న కొట్టు అది. పోర్టు మీ వంతు, ఫ్రూట్ బిస్కెట్లు వీళ్ల వంతు. మీరు పేల్చింది తెర మీదే కాబట్టి అద్దం ముక్కలు ఊడ్చే పని మీకు పడలేదు.

అదే వారం నియంత్రణ రేఖ దగ్గర కాల్పుల్లో అగ్నివీర్ మురళీ నాయక్ చనిపోయాడు. శ్రీ సత్యసాయి జిల్లా, గోరంట్ల మండలం, కల్లితండా. పొట్టకూటికి ముంబై వెళ్లి పని చేసుకుంటున్న తల్లిదండ్రుల కొడుకు. ఇది మాత్రం నిజమైన వార్త. దీనికి మీ మోత అక్కర్లేకపోయింది.

ఇప్పుడు పాత కేసుకి వస్తాను, అది మీరు మర్చిపోయి ఉంటారు. ముంబై మీద ఉగ్రవాద దాడి నడుస్తుండగా, 2008 నవంబర్ 28 పొద్దున్న, ఉగ్రవాదులు చొరబడిన నారిమన్ హౌస్ డాబా మీదికి ఎన్‌ఎస్‌జీ కమాండోలు హెలికాప్టర్ నుంచి తాడు పట్టుకుని దిగారు. పట్టపగలు, లైవ్‌లో. దేశమంతా కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని చూసింది. పాకిస్థాన్‌లో కూర్చుని ఫోన్లో ఆ హంతకులను నడిపిస్తున్న వాళ్లూ చూశారు. బయట మన వాళ్లు ఎక్కడున్నారో, ఏం చేస్తున్నారో టీవీలో చూసుకుని లోపలి వాళ్లకి అందించారు. మన ఖర్చుతో, మన కెమెరాతో, వాళ్లకి ఉచితంగా నిఘా సేవ. 2012 ఆగస్టు 29న ఆ దాడిలో ప్రాణాలతో పట్టుబడ్డ కసబ్ అప్పీలు మీద తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు దీన్ని వదిలిపెట్టలేదు. ఆ ప్రసారాల వల్ల దేశానికి గానీ సమాజానికి గానీ ఒరిగిందేమీ లేదని, వ్యాపారం కోసం దేశ భద్రతని పణంగా పెట్టారని చెప్పింది. ఏ ఛానెల్ గోడ మీదైనా ఆ పేరా ఫ్రేం కట్టి వేలాడదీశారేమో నాకైతే కనపడలేదు.

2015లో కేబుల్ టీవీ ప్రోగ్రాం కోడ్‌లో నిబంధన కూడా పెట్టారు. ఉగ్రవాదుల మీద ఆపరేషన్ నడుస్తుంటే లైవ్ కుదరదు, ముగిసేదాకా ప్రభుత్వం నియమించిన అధికారి అప్పుడప్పుడు ఇచ్చే బ్రీఫింగే గతి. 2025 ఏప్రిల్ 26న కార్గిల్ యుద్ధం, ముంబై దాడి, కాందహార్ విమాన హైజాక్ పేర్లు ఎత్తి మరీ కేంద్రం అదే మాట ఇంకోసారి గుర్తు చేశారు. మీరు నిబంధన పాటించారనే ఒప్పుకోవాలి. నిజంగా జరుగుతున్నది చూపించొద్దంటే, జరగనిది చూపించారు. దానికి కోడ్‌లో ఈ క్లాజు సరిపోలేదు.

అలాగని సైన్యం ఏం చెబితే అదే రాసుకోండి, నోరు మూసుకోండి అని నేను అనడం లేదు సుమా. ఆపరేషన్ జరిగేటప్పుడు గుట్టు ఉండాలి. ముగిశాక లెక్క అడగాలి. అడగడానికే కదా జీతాలిచ్చి అంతమందిని పెట్టింది. మన విమానాలు ఏమైనా పడ్డాయా అన్న ప్రశ్న అప్పట్లో ప్రతి టీ కొట్టు దగ్గరా నలిగింది. త్రివిధ దళాధిపతి జనరల్ అనిల్ చౌహాన్ దానికి మొదటిసారి అవునన్నది మే 31న, సింగపూర్‌లో, ఒక విదేశీ ఛానెల్ మైకు ముందు. ఎన్ని పడ్డాయన్నది కాదు, ఎందుకు పడ్డాయన్నది ముఖ్యం అన్నారాయన. రాత్రికి రాత్రి ఇస్లామాబాద్ దాకా వెళ్లొచ్చిన మీ మైకులు ఢిల్లీలో రక్షణ శాఖ ఆఫీసున్న సౌత్ బ్లాక్ దాకా వెళ్లలేకపోయాయా? ఆ ప్రశ్న వేసే చోట మీ గొంతుకి ఏమైంది?

ఇక మీ సొంత సంగతి. మే 7 సాయంత్రం నాలుగింటికి హైదరాబాద్‌లో మాక్ డ్రిల్ పెట్టి నిజం సైరన్లు మోగించారు. మా అమ్మ గబగబా వెళ్లి గ్యాస్ కట్టేసింది. ఎదురింటి పెద్దాయన బాల్కనీలోకి వచ్చి, "అమ్మా, ఆ టీవీ సౌండ్ కాస్త తగ్గించండి, బీపీ పెరిగిపోతోంది" అని అరిచాడు. సరిగ్గా ఈ ప్రమాదమే చూసి మే 10న పౌర రక్షణ విభాగం ఛానెళ్లకు లేఖ రాసింది. కార్యక్రమాల్లో సైరన్ మోతలు వాడొద్దు, రేపు నిజంగా వైమానిక దాడి జరిగి సైరన్ మోగితే జనం టీవీ గోలే అనుకుని కదలరు అని. పేరు పెట్టి మరీ మిమ్మల్నే వాడొద్దన్న సూచన అది. ఈ దేశంలో ఒక ఆడియో ఫైలుకి ఇంతకంటే పెద్ద గుర్తింపు రాదు. అభినందనలు.

కాబట్టి ఖాళీగా ఉన్నట్టున్నారు. మా కాలనీలో ఒక ఉద్యోగం ఉంది, చేరతారా? నల్లా నీళ్లు ఎప్పుడు వదులుతారో ఇక్కడ ఎవరికీ తెలియదు. ఒకరోజు తెల్లవారుజామున మూడింటికి, ఇంకోరోజు అసలు రావు. అడ్వైజరీ లేదు, బ్రీఫింగ్ లేదు, ప్రతినిధి లేడు. దేశంలో ఇంత పకడ్బందీగా గుట్టు దాచుతున్న ఆపరేషన్ ఇంకోటి ఉంటుందనుకోను. మీకు విశ్వసనీయ వర్గాలు ఎలాగూ ఉన్నాయి. వాల్వ్ తిప్పే ఆయన బయల్దేరాడని కబురందగానే ఒక్కసారి మోగండి చాలు. బిందెలతో మేం దిగుతాం.

మ్యాపు మీద నడిచే యాంకర్ గారిని మాత్రం వెంట తీసుకురావద్దు. మా సందులో గుంతలు ఎక్కువ.

ఇట్లు,
రిమోట్ చేతిలో ఉండీ మిమ్మల్ని ఆపలేని
మీ ప్రేక్షకుడు