సహిత విద్య ఐఈఆర్పీ పని కాదు, హెచ్‌ఎం పని

"మా మండలానికి ఐఈఆర్పీ ఉన్నారండీ, వాళ్లు చూసుకుంటారు." సహిత విద్య, అంటే ప్రత్యేక అవసరాల పిల్లలకు మామూలు బడిలోనే అందరితో కలిపి చదువు చెప్పడం, ఆ సంగతి ఎత్తగానే చాలా బళ్లలో వినపడే మాట ఇదే. ఆ ఐఈఆర్పీ, అంటే సహిత విద్య రిసోర్స్ పర్సన్, కాంట్రాక్టు మనిషి. ఈ పిల్లల కోసం పెట్టిన భవిత కేంద్రం నడపాలి, మండలంలో బళ్లన్నీ తిరగాలి, మంచం దిగలేని పిల్లల ఇళ్లకు వెళ్లాలి, మధ్యలో ఆన్‌లైన్ ఎంట్రీలు. ఒక్కో బడికి నెలలో ఒకట్రెండు పూటలు వస్తే గొప్ప. మిగతా రోజుల్లో ఆ పిల్లవాడు ఎవరి పిల్లవాడు?

ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పిల్లలు ప్రతి 10 మందికి, ఆపై తరగతుల్లో ప్రతి 15 మందికి ఒక స్పెషల్ టీచర్ ఉండాలని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పోస్టుల కోసం కొట్లాడాల్సిందే. అయితే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ఒకసారి చదవండి. చేర్చుకోవడం, భవనం, రవాణా, పిల్లవాడికి కావలసిన సర్దుబాట్లు, ఇవన్నీ బడి చేయాల్సిన పనులుగానే రాసి ఉన్నాయి. గుర్తింపు ఉన్న ప్రైవేటు బళ్లు కూడా అందులోకే వస్తాయి, "మా దగ్గర ఫెసిలిటీ లేదండీ" అని గేటు దగ్గరే పంపేసే కరస్పాండెంట్లు గమనించాలి.

పైసా ఖర్చు లేని పనితో మొదలుపెడదాం. వీల్‌చైర్ పిల్లవాడు ఎనిమిదికి వచ్చాడు, ఎనిమిదో తరగతి గది మేడ మీద. ఇద్దరు స్నేహితులు రోజూ మోసుకెళ్తారు, దాన్ని ఫొటో తీసి పేపర్లో వేయిస్తారు. అందులో మురిసిపోవడానికి ఏముందో నాకు అర్థం కాదు. జూన్‌లో గదులు కేటాయించేటప్పుడు ఆ సెక్షన్‌ను కిందికి దించితే అయిపోయేది. ల్యాబ్ పైనుంటే రెండు కంప్యూటర్లు కింద గదిలో పెట్టండి. నేను చూసేది టైంటేబుల్ కంటే ముందు గదుల జాబితానే. హెచ్‌ఎం మనసు అక్కడే తెలుస్తుంది.

ఇక ర్యాంపు. వాలు 1:12 ఉండాలి. అంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. అరుగు అడుగున్నర ఎత్తుంటే ర్యాంపు పద్దెనిమిది అడుగులు రావాలి. మన దగ్గర ఎనిమిది అడుగుల్లో ముగించేస్తారు, పైన నున్నటి టైల్స్ ఒకటి. వాన పడితే రెండు కాళ్లున్నవాళ్లే జారతారు, చక్రాల కుర్చీ వెనక్కి దొర్లుతుంది. స్థలం లేదా, మధ్యలో ఐదడుగుల చదును వదిలి మలుపు తిప్పండి. రెండువైపులా పట్టుకునే పైపులు, ఒకటి రెండున్నర అడుగుల ఎత్తులో చిన్నపిల్లలకు, ఇంకోటి మూడడుగుల ఎత్తులో. బిల్లు మీద సంతకం పెట్టే ముందు టేపు పట్టుకుని మీరే కొలవండి, మేస్త్రీ మాట నమ్మొద్దు. ర్యాంపు ఎక్కాక గడప అడ్డొస్తే అంతా వృథా. ఆ గడపకు అటూ ఇటూ కాస్త సిమెంటు వాలుగా వేయడానికి అరపూట చాలు.

టాయిలెట్ గురించి రాయాలంటేనే కోపమొస్తుంది. బళ్ల వివరాలు నింపే యూడైస్‌లో "సీడబ్ల్యూఎస్‌ఎన్ (ప్రత్యేక అవసరాల పిల్లల) టాయిలెట్: ఉంది" అని టిక్కు ఉంటుంది. తలుపు తీస్తే చీపుర్లు, విరిగిన బెంచీలు, పాత జవాబు పత్రాల మూటలు. తాళంచెవి ఆఫీసు రూంలో, ఆఫీసు రూం తాళం సబార్డినేట్ దగ్గర. ఆ టాయిలెట్ అవసరమైన పిల్ల తొమ్మిదింటి నుంచి నాలుగింటి దాకా మంచినీళ్లు ముట్టకుండా కూర్చుంటుంది. ఎందుకు తాగట్లేదని ఎవరూ అడగరు, "మంచి పిల్ల, అసలు విసిగించదు" అంటారు. ఇలాంటి పిల్లలకే మూత్రంలో ఇన్ఫెక్షన్లు, దాంతో గైర్హాజరు. తలుపు మూడడుగుల వెడల్పు, బయటికి తెరుచుకోవాలి. లోపల కుర్చీ తిరగడానికి ఐదడుగుల చోటు, వెస్టర్న్ కమోడ్, పక్కన గోడకు పైపు, కూర్చుంటే చేతికందే కుళాయి. అన్నిటికన్నా ముందు, తాళం తీసి పారేయండి.

తరగతి గదిలో "ముందు బెంచీలో కూర్చోబెట్టాం సార్" అంటే సరిపోదు. చూపు తక్కువున్న పిల్లకు బోర్డు మీద కిటికీ వెలుగు మెరిస్తే ముందు బెంచీ అయినా ఒకటే, గది మధ్యలోకి జరపాలి. ఆమె ప్రశ్నపత్రం ఎ4 నుంచి ఎ3కి జిరాక్స్ తీస్తే 141 శాతానికి పెరుగుతుంది, 12 పాయింట్ అక్షరం 17 అవుతుంది. తెలుగులో ముందు కనపడకుండా పోయేవి వత్తులు. "పట్టు", "పటు" ఆమెకు ఒకేలా ఉంటాయి, మనం మాత్రం అక్షరదోషాలని మార్కులు కోస్తాం. వినికిడి యంత్రం కుయ్యిమంటోందని తీసి సంచిలో పెట్టుకునే పిల్లవాడి యంత్రం చాలాసార్లు బాగానే ఉంటుంది. చెవి పెరిగింది, యంత్రాన్ని చెవిలో పట్టి ఉంచే మౌల్డు (అచ్చు) వదులైంది, కొత్త మౌల్డు చేయించాలి. బోర్డు వైపు తిరిగి రాస్తూ పాఠం చెప్పే మాస్టారికి, పెదాలు చూసి అర్థం చేసుకునే పిల్లవాడు ఒకడున్నాడని స్టాఫ్ మీటింగ్‌లో చెప్పాల్సింది ఎవరు?

ఫిట్స్ వచ్చే పిల్లలుంటే ఇంకో మాట. తాళాలగుత్తి చేతిలో పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, నీళ్లు పోయడం, మూడూ మానేయాలి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద ఏదైనా మెత్తగా పెట్టి, టైము చూడండి. ఐదు నిమిషాలు దాటితే 108. ఇది వంటామెకు, ఆయాకు కూడా తెలియాలి, పడిపోయేది ఎప్పుడూ టీచర్ ముందే కాదు కదా.

కాగితాల పని హెచ్‌ఎం మనసు పెడితేనే కదులుతుంది. వైకల్య సర్టిఫికెట్ కోసం సదరెం స్లాట్ బుక్ చేయడం తల్లిదండ్రుల పనే అనుకోవద్దు, కూలి పోగొట్టుకుని రెండుసార్లు తిరిగాక మూడోసారి వెళ్లరు. రవాణా, ఎస్కార్ట్ (తోడు వచ్చేవాళ్ల) అలవెన్సులు పడే బ్యాంకు ఖాతా బతికి ఉందో లేదో ముందే కనుక్కోండి. చదవడం రాయడంలోనే ఇబ్బంది ఉన్న పిల్లలది ఇంకో చిక్కు. కంటికి ఏమీ కనపడదు కాబట్టి "మొద్దు" అనే పేరు పడిపోతుంది. మూడో తరగతిలో, ఎనిమిదేళ్లప్పుడు స్క్రీనింగ్ జరగాలి. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) వేళకు గుర్తొస్తే సర్టిఫికెట్ అందదు, పరీక్షలో రాయితీ పోతుంది.

పిల్లవాడు చెబుతుంటే జవాబులు రాసిపెట్టే స్క్రైబ్‌కు అనుమతి వచ్చినా సగం పనే అయినట్టు. పరీక్ష రోజు ఉదయం ఎవరో తొమ్మిదో తరగతి పిల్లవాణ్ని పిలిచి కూర్చోబెడితే, మనవాడికి చెప్పి రాయించడమే రాదు. లెక్కల్లో "బ్రాకెట్ మొదలు, ఎక్స్ స్క్వేర్, ప్లస్, బ్రాకెట్ ముగింపు" అని వరసగా పలకడం వేరే విద్య, బొమ్మ గీయించడం ఇంకా కష్టం. ప్రీఫైనల్స్ కంటే ముందే జత కుదిర్చి, కనీసం నాలుగు పూర్తి పేపర్లు, అదనపు సమయంతో సహా, వేరే గదిలో రాయించండి. ఇద్దరూ గుసగుసగా మాట్లాడుకుంటే పని జరగదు, గట్టిగానే చెప్పుకోవాలి. ఆ గది ఏదో డిసెంబరులోనే తేల్చి పెట్టండి. కింది అంతస్తులో.